పటం మీద ఛోటా భీమ్

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఛోటా భీమ్ అంటే ప్రాణం. ఆ ఇష్టాన్ని ఆసరాగా చేసుకుని మన దేశ పటాన్ని పరిచయం చేయవచ్చునా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా చేయవచ్చునమ్మా. అయితే భీమ్ ఉండే ఢోలక్‌పూర్ కల్పిత రాజ్యం కాబట్టి, అది పటంలో దొరకదని బాబుకు ముందే చెప్పండి. 2008లో టీవీలో మొదలైన ఆ ధారావాహికను తయారుచేసిన సంస్థ మాత్రం హైదరాబాదుది. ఆ ఊరి మీద వేలు పెట్టించండి.

ఈ వయసులో 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాల పేర్లు వల్లె వేయించడం వృథా ప్రయాస అని నా గట్టి నమ్మకం. పైన మంచుకొండలు, దిగువన మూడు వైపులా సముద్రం, నడుమ మన ఊరు. ఈ ఏడాదికి అంతే చాలు.

పెద్ద పటాన్ని నేల మీద పరచి, అట్టముక్కకు అతికించిన భీమ్ బొమ్మను బాబు చేతికిచ్చి, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టే గోదావరి వెంట నడిపించండి. నీలిగీత మీద బొమ్మ బాసర, భద్రాచలం దాటి మీ ఊరు చేరగానే, భీమ్‌కు బలమిచ్చే లడ్డూ ముక్కను వాడి చేతిలో పెట్టండి. ఆ సాయంత్రమే పుష్కర ఘాట్‌కు తీసుకువెళ్లి, పొద్దున వాడు వేలితో తడిమిన గీత ఈ నీళ్లేనని చూపించండి. పటం అంటే ఏమిటో వాడికి తెలిసేది అక్కడే. మరో వారం భీమ్ స్నేహితురాలు చుట్కీని కాశ్మీరుకు పంపి, స్వెట్టరు కావాలా అని అడగండి. విసుగు కనిపిస్తే మాత్రం వెంటనే పటం చుట్టేయండి.