హెన్లీ శిక్యం దగ్గర తొందరపడకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూత్రపిండాల వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం సాఫీగా నడిచింది. చెప్పాలన్న తపన కూడా కనిపిస్తోంది. ఇక సరిచేయాల్సిన వాటి సంగతి చూద్దాం.

మొదటి పేరాలోనే "మూత్రపిండాలు రక్తంలోని మలినాలను వడపోసి బయటికి పంపుతాయి" అని రాశావు. అందరూ రాసే మాటే కాబట్టి ఎవరూ అనుమానించరు. కానీ పాఠకుడు దారి తప్పేది సరిగ్గా అక్కడే. వడపోత దగ్గర మలినం విడిగా రాదు. గ్లోమెరులస్ అనే ఆ సన్నటి రక్తనాళాల కుచ్చు ఆపేది రక్తకణాలనూ, అల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లనూ మాత్రమే. నీళ్లు, ఉప్పు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, యూరియా, క్రియాటినిన్ అన్నీ కలగాపులగంగా అవతలికి జారిపోతాయి. తరవాత ఆ కుచ్చు వెంట సాగే నాళిక అనే సన్నటి గొట్టం కావలసినవి ఏరుకుని రక్తంలోకి చేరుస్తుంది. కొన్నింటిని తానే రక్తంలోంచి తీసుకుని తన లోపలికి వదులుతుంది. చివరికి మిగిలిందే మూత్రం. సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు సామానంతా వాకిట్లోకి తెచ్చి, కావలసినవి తిరిగి లోపల సర్దుకుని, పనికిరాని పాత చేటనూ విరిగిన పీటనూ భోగిమంటకు వదిలేస్తాం చూడు, కిడ్నీ పద్ధతీ అదే. నీ వ్యాసం ఈ మాటతో మొదలైతే తక్కినదంతా దాని వెంట వస్తుంది.

తరవాత లెక్కలు వెయ్యి. "లక్షలాది నెఫ్రాన్లు", "ఎంతో రక్తం" అంటే పాఠకుడి చేతిలో ఏమీ పెట్టనట్టే. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే ఒక్కో కుచ్చూ దాని నాళికా కలిసిన జతలు, ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిపి తూకం 300 గ్రాములకు అటూ ఇటూ. అయినా గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో లీటరు పైచిలుకు వాటికే వెళ్తుంది. అందులోంచి నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడకడతాయి. అంటే రోజుకు 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా మొత్తం 3 లీటర్లే కదా, అదే ప్లాస్మా రోజుకు 60 సార్లు ఈ దారిన పోతోందన్నమాట. బయటికొచ్చేది లీటరున్నర. మిగతా 178 లీటర్ల పైచిలుకు ఎటు పోయిందన్న ప్రశ్న పాఠకుడికి పుట్టాలి. అది పుట్టాకే నాళిక కథ ఎత్తుకో. సోడియం లెక్క కూడా వేసి చూపించు: లీటరుకు 140 మిల్లీమోల్స్, 180 లీటర్లు, మోల్‌కు 23 గ్రాములు. గుణిస్తే 580 గ్రాములు వస్తుంది. రోజూ అరకిలో పైన సోడియం బయటికి వెళ్లి దాదాపు అంతా వెనక్కి వస్తోంది.

వడపోత ఒత్తిడిని నువ్వు ఒక్క మాటలో దాటేశావు. అక్కడ కాస్త ఆగు. రక్తనాళాల కుచ్చులో నెట్టే ఒత్తిడి సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసం. ఆ కుచ్చును చుట్టి ఉన్న భౌమన్ గుళికలోని ద్రవం ఎదురు నెట్టేది 18. రక్తంలో మిగిలిన ప్రొటీన్లు నీటిని తమవైపు లాగేది 32. పోగా మిగిలేది 10. ఇంత పనీ ఆ పది మీదే నడుస్తోంది. ఈ తీసివేత చూపిస్తే రెండు సంగతులు వాటంతటవే తేలతాయి. వాంతులు, విరేచనాలు ఎక్కువై రక్తపోటు బాగా పడిపోతే మూత్రం ఎందుకు ఆగిపోతుందో ఒకటి. మూత్రనాళంలో రాయి అడ్డుపడితే ఆ 18 పెరిగి వడపోత ఎందుకు తగ్గిపోతుందో రెండోది. కారణం చెప్పకుండా "రాయి వల్ల కిడ్నీ చెడుతుంది" అని రాస్తే అది హెచ్చరికగా మాత్రమే మిగులుతుంది.

నాళిక మొదటి భాగమైన సమీపస్థ సంవళిత నాళం గురించి నువ్వు రాసింది సరిపోతుంది. నీరు, సోడియం మూడింట రెండు వంతులు అక్కడే వెనక్కి వస్తాయి. ఆరోగ్యవంతుల్లో గ్లూకోజు దాదాపు మొత్తం వచ్చేస్తుంది. ఒక్కటి చేర్చు: రక్తంలో చక్కెర డెసీలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గ్లూకోజును మోసే ప్రొటీన్లకు చేతులు చాలవు, మిగిలింది మూత్రంలోకి పోతుంది, తనతో నీటినీ లాక్కుపోతుంది. షుగరు రోగి మాటిమాటికీ ఒంటికి వెళ్లడం, ఆపైన దాహం, రెండూ దీనివల్లే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఆ మోసే ప్రొటీన్‌నే ఆపుతాయని కూడా చెప్పు. అవి వాడేవాళ్ల మూత్రంలో చక్కెర కనిపించడం మందు పనిచేస్తోందనడానికి గుర్తే గాని షుగరు పెరిగిందనడానికి కాదు. మన ఇళ్లలో ఆ రిపోర్టు చూసి కంగారుపడేవాళ్లు చాలామంది.

ఇప్పుడు అసలు చోటికి, నాళిక కిందికి దిగి మలుపు తిరిగి పైకెక్కే భాగానికి, వద్దాం. "హెన్లీ శిక్యంలో మూత్రం గాఢత పొందుతుంది" అన్నావు. ఈ వాక్యం కొట్టెయ్యి. శిక్యం నుంచి బయటికొచ్చే ద్రవం రక్తం కన్నా పలచన. శిక్యంలోకి వెళ్లేటప్పుడు గాఢత (ద్రవంలో కరిగిన రేణువుల లెక్క) లీటరుకు 300 మిల్లీ ఆస్మోల్స్, కింద మలుపు దగ్గర 1200 దాకా, పైకొచ్చి బయటపడేసరికి 100. మరి శిక్యం చేసే పనేమిటి? చుట్టూ ఉన్న కణజాలంలో ఉప్పు పేరుస్తుంది. మూత్రం గాఢమయ్యేది ఆ తరవాత, నాళికల చివర మూత్రాన్ని పోగుచేసే సంగ్రహణ నాళం అదే ఉప్పటి కణజాలం మధ్య నుంచి కిందికి దిగేటప్పుడు.

దీన్ని మాగాయతో చెప్పు. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ముక్క ముడుచుకుని ఊట పైకి తేలుతుంది. ముక్కను ఎవరూ పిండలేదు. చుట్టూ ఉన్న ఉప్పే నీటిని లాగింది. సంగ్రహణ నాళంలో మూత్రానికి జరిగేదీ అదే. పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పడం మరిచిపోకు. జాడీలో ఉప్పు మనం వేశాం. కిడ్నీ లోపల ఉప్పు వేసేదెవరు? ఈ ప్రశ్నతోనే శిక్యంలోకి దిగు.

శిక్యం రెండు కాళ్లకూ గుణం వేరు. దిగే కాలు గోడలోంచి నీళ్లు పోతాయి, ఉప్పు పెద్దగా పోదు. ఎక్కే కాలు గోడలోంచి నీళ్లు అసలు పోవు. అక్కడి మందపాటి భాగం ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లను జట్టుగా లాక్కుని సోడియం క్లోరైడును బయటికి తోడేస్తుంది. ఆ తోడుడుకు ఒక హద్దుంది: లోపలికీ బయటికీ తేడా సుమారు 200 అయ్యేదాకానే. మరి 200 తేడాతో 1200 ఎలా వచ్చింది? పాఠకుడిని నిలబెట్టి చూపించాల్సింది ఇదే.

అన్ని చోట్లా 300తో మొదలుపెట్టు. ఎక్కే కాలు ఉప్పు తోడింది: లోపల 200, బయట 400. దిగే కాలు నీటిని వదిలి బయటితో సమానమైంది: 400. ఇప్పుడు పైనుంచి కొత్త ద్రవం దిగి దాన్ని ముందుకు నెట్టింది. ఆ 400 ద్రవం మలుపు తిరిగి ఎక్కే కాలు అడుగుకు చేరింది. అక్కడ మళ్లీ తోడుడు: ఈసారి లోపల 300, బయట 500. దిగే కాలు 500కి చేరింది, మళ్లీ నెట్టుడు. ప్రతి విడతకూ మలుపు దగ్గర ఉప్పు పేరుకుంటూ పోతుంది. రెండు కాళ్లలో ప్రవాహం ఎదురెదురుగా ఉండబట్టే చిన్న తేడా పెద్ద తేడాగా పెరుగుతోంది. దీన్నే ప్రతిప్రవాహం అంటారు. ఈ అంకెలు పాఠకుడు కాగితం మీద తానే వేసుకునేలా రాయి. పేజీ పెరిగినా ఫరవాలేదు. జాకబ్ హెన్లీ ఈ శిక్యాన్ని వర్ణించింది 1862లో. దాని ఉపయోగం ఇదై ఉండాలని వెర్నర్ కూన్ ప్రతిపాదించింది 1942లో. 80 ఏళ్లు పట్టిన సంగతిని రెండు వాక్యాల్లో తేల్చేయకు.

ఒక జాగ్రత్త. ఈ బలమైన తోడుడు మందపాటి భాగంలోనే ఉంది. అంతర దవ్వలో (దవ్వ అంటే కిడ్నీ లోపలి భాగం), మలుపుకు దగ్గరగా, ఎక్కే కాలు సన్నగా ఉంటుంది, అక్కడ అలాంటి తోడుడు లేదు. అక్కడ గాఢత ఎలా పెరుగుతుందన్నది ఇంకా పూర్తిగా తేలని విషయం. ఆ మాట దాచకుండా రాయి. తేలింది మాత్రం యూరియా పాత్ర. లోతున ఉన్న 1200లో సగానికి దగ్గరగా యూరియాదే. అందుకే ప్రొటీన్ చాలా తక్కువ తినేవాళ్లు మూత్రాన్ని అంతగా గాఢపరచలేరు. యూరియాను "విషం" అని నువ్వు రాసిన చోటు ఒకసారి చూసుకో.

ఇంత ఉప్పూ రక్తంలో కొట్టుకుపోకుండా ఎలా నిలిచిందో నువ్వు అడగనే లేదు. అక్కడి రక్తనాళాలు కూడా శిక్యంలాగే దిగి మలుపు తిరిగి ఎక్కుతాయి. దిగేటప్పుడు పుచ్చుకున్న ఉప్పును ఎక్కేటప్పుడు చాలావరకు వదిలేస్తాయి. పైగా కిడ్నీకి వచ్చే రక్తంలో దవ్వకు చేరేది కొద్ది భాగమే, అదీ నింపాదిగా.

చివరి మెట్టు ఏడీహెచ్, మూత్రంలో నీటి నష్టాన్ని తగ్గించే హార్మోన్. హైపోథాలమస్‌లో తయారై పీయూష గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలోకి వస్తుంది. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా చాలు, విడుదలవుతుంది. అది లేనప్పుడు సంగ్రహణ నాళం గోడ నీటిని దాదాపు పోనివ్వదు. చుట్టూ ఎంత ఉప్పున్నా పలచటి మూత్రమే బయటికి వస్తుంది. ఏడీహెచ్ వచ్చి అతుక్కోగానే కణం లోపల బుడగల్లో దాచి ఉంచిన ఆక్వాపోరిన్ అనే నీటి తలుపులు గోడకు చేరి తెరుచుకుంటాయి. మే నెలలో రెంటచింతల ఎండలో పనిచేసినవాడి మూత్రం ముదురు పసుపు రంగులో ఉండటానికి కారణం ఇదే: రంగు పదార్థం పెరగలేదు, నీరు తగ్గింది. బీకాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే నీరు తగ్గకపోయినా పసుపు కనిపిస్తుందని పక్కనే రాయి. లేకపోతే ఉత్తరాలొస్తాయి.

ఏం చెడితే ఏమవుతుందన్న భాగం నువ్వు జబ్బుల పట్టికలా రాశావు. ఏ మెట్టు చెడిందో దాని పక్కన పెట్టు. ఏడీహెచ్ రాకపోయినా, వచ్చినా కిడ్నీ వినకపోయినా (లిథియం మందు ఎక్కువ కాలం వాడినవాళ్లలో ఇలా జరగొచ్చు) రోజుకు లీటర్లకొద్దీ నీళ్లలాంటి మూత్రం పోతుంది. మూత్రం ఎక్కువగా పోవడానికి ఇచ్చే లాసిక్స్ మందు శిక్యంలోని ఆ ఉప్పు తోడుడునే ఆపుతుంది. కాబట్టి చుట్టూ ఉప్పు పేరుకోదు, నీటిని లాగే బలం పోతుంది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్నవాళ్లలో, ఆక్సిజన్ తక్కువగా, ఉప్పు ఎక్కువగా ఉండే ఆ దవ్వలోనే ఎర్ర కణాలు వంకర తిరిగి సన్న నాళాలు పూడిపోతాయి. అందుకే చిన్నతనంలోనే మూత్రాన్ని గాఢపరిచే శక్తి తగ్గుతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల పాఠకులకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి.

"మూత్రం బాగానే వస్తోంది, కిడ్నీలకేం ఢోకా లేదు" అన్న మాటను నీ వ్యాసంలో ఎక్కడైనా పట్టుకో. రోజూ బయటికి పంపాల్సిన పదార్థం సుమారు 600 మిల్లీ ఆస్మోల్స్. 1200 దాకా గాఢపరచగల కిడ్నీకి అర లీటరు నీరు చాలు. 300 దగ్గరే ఆగిపోయిన కిడ్నీకి 2 లీటర్లు కావాలి. రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవడం అలా మొదలవుతుంది. మూత్రం ఎక్కువ వచ్చేది ఒక్కోసారి కిడ్నీ చెడ్డందుకే. అప్పుడు మూత్రం సాపేక్ష సాంద్రత (నీటితో పోలిస్తే ఎంత బరువన్నది) పొద్దున్నా సాయంత్రం 1.010 దగ్గరే నిలిచిపోతుంది. ఆరోగ్యవంతుడు రాత్రంతా నీళ్లు తాగకపోతే పొద్దుటి మూత్రంలో అది మామూలుగా 1.020 దాటుతుంది. ఇది చదివి కిడ్నీ రోగులు ఇంట్లో నీళ్లు మానేసి పరీక్షించుకోకూడదన్న మాట అక్కడే చేర్చు. రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ సంగతీ అంతే: వడపోత సగానికి పడిపోయినా అది నార్మల్ దరిదాపుల్లోనే కనిపించవచ్చు.

ఉద్దానం గురించి రాసిన పేరా నాకు ఇబ్బందిగా అనిపించింది. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు పల్లెల కిడ్నీ జబ్బు బాధ నిజం. దానికి నువ్వు ఒకే కారణాన్ని ఖాయంగా చెప్పేశావు. అది ఇంకా తేలలేదు. తెలిసినది రాయి: అక్కడి జబ్బు ఎక్కువగా నాళికలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ తింటుంది, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనిపించదు, అందుకే క్రియాటినిన్ బాగా పెరిగేదాకా మనిషికి తెలియదు. ఇంతసేపూ నువ్వు వివరించిన నాళిక ఇదేనని పాఠకుడికి అక్కడ తట్టాలి.

మాటల సంగతి. "చిక్కటి మూత్రం" అనకు, పాలు చిక్కబడినట్టు వినిపిస్తుంది. గాఢత అనే ఉంచు. వృక్క ప్రమాణం బదులు నెఫ్రాన్ చాలు. శిక్యాన్ని మాత్రం వదులుకోకు. శిక్యం అంటే ఉట్టి. తాడు కిందికి దిగి, కుండను పట్టి, పైకెక్కే ఆకారం అది. ఆ అర్థం ఒక్క ముక్కలో చెబితే బొమ్మ పాఠకుడి కళ్ల ముందే కదులుతుంది.

బొమ్మలో బాణాలు తప్పాయి. దిగే కాలు నుంచి నీటి బాణాలు మాత్రమే, ఎక్కే కాలు నుంచి ఉప్పు బాణాలు మాత్రమే ఉండాలి. మలుపు దగ్గర 1200, బయటపడే చోట 100 అంకెలు వెయ్యి. సంగ్రహణ నాళాన్ని పక్కన విడిగా కాకుండా ఆ ఉప్పటి భాగం మధ్య నుంచి కిందికి దించు. ముందు బొమ్మ సరిచేసి పంపు, వ్యాసం తరవాత చూద్దాం.