చీలిక సన్నబడితే వెలుగు పట్టీ ఎందుకు వెడల్పవుతుంది?

"వెలుగు దూరే చీలికను (సందును) సన్నం చేస్తే గోడ మీద వెలుగు కూడా సన్నబడాలి కదా, పుస్తకంలో వెడల్పవుతుందని ఉందేంటి?" అని అడిగారు. ఇంటర్ రెండో ఏడాదిలో నాదీ ఇదే డౌట్. సూత్రం బట్టీ పట్టాను గానీ నమ్మకం కుదరలేదు. కుదిరింది డిగ్రీ హాస్టల్ గదిలో, రెండు షేవింగ్ బ్లేడ్లతో.

అట్టముక్కకు చిల్లు పెట్టి, దాని మీద బ్లేడ్లను అంచులు ఎదురెదురుగా ఉండేలా టేపుతో అంటించాను. మొదటిసారి సందు మిల్లీమీటరు దాకా వచ్చింది. గోడ మీద మామూలు చుక్కే పడింది, రూమ్మేట్ నవ్వాడు. రెండోసారి నోటుబుక్ కాగితాన్ని నిలబెట్టి, అటూ ఇటూ బ్లేడ్లు ఆనించి అంటించి, కాగితం లాగేశాను. కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, సందూ అంతే. ఎర్ర లేజర్ పాయింటర్ వేస్తే, 3 మీటర్ల అవతలి గోడ మీద మధ్యలో దాదాపు 4 సెంటీమీటర్ల పట్టీ, దానికి రెండు పక్కలా చీకటి, మళ్లీ మసక పట్టీలు! సందు నిలువుగా ఉంటే వెలుగు అడ్డంగా పరుచుకుంది. బ్లేడును ఇంకాస్త దగ్గరికి జరిపితే పట్టీ సాగింది, వెలుతురు తగ్గింది.

ఇక కారణం. సందులోని ప్రతి బిందువూ ఓ చిన్న దీపం అనుకోండి (డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఊహ ఇదే). ఎదురుగా పోయే వెలుగులు ఇంచుమించు ఒకే దూరం నడిచి, కలిసి మధ్య పట్టీ అవుతాయి. పక్కకు పోయేకొద్దీ దూరాల్లో తేడా వస్తుంది. రెండు అంచుల నుంచి వచ్చే దారుల తేడా సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం (వెలుగు అలలో ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉండే దూరం) అయిన చోట చీకటి. పరీక్షలో నేనిక్కడ "వెలుగు" అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను, యంగ్ జంట చీలికల ప్రయోగంతో (పక్కపక్కనే ఉన్న రెండు సన్న సందుల్లోంచి వెలుగు పంపేది) కలగాపులగం చేసి. అక్కడ ఉన్నవి రెండే దీపాలు. ఇక్కడ అంచుల మధ్యంతా దీపాలే. ఎడమ సగంలోని ప్రతి దీపానికీ కుడి సగంలో అర తరంగదైర్ఘ్యం తేడాతో ఓ జోడీ దొరుకుతుంది. ఒకదాని శృంగం (అల శిఖరం) మీద రెండోదాని ద్రోణి (అల పల్లం) పడి రెండూ రద్దు. సందు సన్నబడితే అదే తేడా రావడానికి ఇంకా పక్కకు పోవాలి. చీకటి గీతలు అలా దూరం జరిగితే మధ్య పట్టీ వెడల్పవుతుంది.

వెలుగు ఇలా పక్కలకు పరుచుకోవడానికి డిఫ్రాక్షన్ అన్న పేరు పెట్టిన ఇటలీ శాస్త్రవేత్త గ్రిమాల్డి పుస్తకం ఆయన పోయాక, 1665లో వచ్చింది. పాపం ఆయనకు లేజర్ ఎక్కడిది, చీకటిగదిలోకి వచ్చే ఎండతోనే చూశాడు.

బ్లేడ్లు ఇబ్బందైతే తల వెంట్రుకను లేజర్‌కు అడ్డం పెట్టండి, ఇలాంటి చారలే వస్తాయి. 0.07 మిల్లీమీటర్ల వెంట్రుకకు 3 మీటర్ల దూరంలో, ఒకే పక్కనున్న చీకటి గీతల మధ్య సుమారు 2.8 సెంటీమీటర్లు ఉంటుంది, స్కేలుతో కొలవొచ్చు. బ్లేడు మీద తళుక్కుమన్న లేజర్ మాత్రం కంట్లో పడనివ్వకండి.