‘నియర్ మింట్’ అని అతికించిన కామిక్ అంటగట్టిండు, పైసలు వాపస్ వస్తయా?

ప్రశ్న: వకీల్ సాబ్ నమస్తే. మాది మిర్యాలగూడ, మొబైల్ షాపు నడుపుత. చిన్నప్పటి నుంచి పాత కామిక్స్ అంటే పిచ్చి. వాట్సాప్‌ల పాత కామిక్స్ జమ చేసే కలెక్టర్ల గ్రూపు ఒకటుంది, అందుల హైదరాబాద్ ఆయన దగ్గర ఇంద్రజాల్ కామిక్స్ మొదటి నంబరు, 1964 మార్చిది, ఫాంటమ్‌ది, 58 వేలు పెట్టి కొన్న. "నియర్ మింట్ (అంటే దాదాపు కొత్తదాని లెక్క), రిపేర్ ఏం లేదు, అంతా ఒరిజినల్" అని రాసిండు. మూడు వారాల కింద కొరియర్ వచ్చింది, విప్పి చూస్తే వెన్ను లోపలి నుంచి సన్న కాగితం అతికించి ఉంది, కవర్ అంచుకు స్కెచ్ పెన్నుతోటి రంగేసినట్టుంది, పిన్నులు కొత్తయి. సీనియర్ కలెక్టర్ ఒకాయన చూసి 15 వేలకు మించి పలకదన్నడు. అమ్మినాయన్ని అడిగితే 'నో రిటర్న్' అంటున్నడు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? ఇంకోటి, దేవరకొండల మా పెద్దమ్మ ఇంట్ల మా అమ్మ వాళ్ల నాయిన జమ చేసిన 1950ల నాటి చందమామలు ఒక పెట్టెడు ఉండె. ఒకాయన వచ్చి మొత్తం 3 వేలకు తీస్కపోయిండు, ఇప్పుడు ఒక్కో సంచికనే వేలకు అమ్ముతున్నడు. అవి వాపస్ తీస్కోవచ్చా?

జవాబు: తమ్మీ, మొదటి దాంట్ల నీకు కేసు గట్టిగనే ఉంది. రెండోది కష్టం, కానీ ఒక సందు ఉంది, కింద చెప్త.

ముందుగాల ఒకటి బుర్రల పెట్టుకో, "15 వేల వస్తువు నాకు 58 వేలకు అమ్మిండు" అని మాత్రం ఎక్కడ రాయకు, నోటీసుల గానీ ఫిర్యాదుల గానీ. ఎక్కువ రేటుకు అమ్ముడు తప్పని ఏ చట్టంల లేదు. నీ కేసు ఆయన అడిగిన రేటు మీద కాదు, ఆయన రాసిన మాట మీద. 'రిపేర్ ఏం లేదు' అని రాసిండు కదా, ఆ ముక్కనే నీ కేసు.

ఎందుకంటే గ్రేడు అనేది సగం అభిప్రాయం. కలెక్టర్లు వాడే స్కేలు 0.5 నుంచి 10 దాక ఉంటది, అందుల నియర్ మింట్ అంటే 9.4, వెరీ ఫైన్ అంటే 8, ఫైన్ అంటే 6, వెరీ గుడ్ అంటే 4, ఉత్త గుడ్ అంటే 2. అంటే ఎవరన్న 'గుడ్ కండిషన్' అని గ్రేడు రాస్తే అది చినిగి నలిగిన పుస్తకమే, తెల్వనోళ్లు మస్తు మోసపోతరు ఇక్కడ. ఇప్పుడు నీది 9.4 ఆ 8.5 ఆ అని తగువు పెట్టుకుంటే ఇద్దరు కలెక్టర్లు రెండు మాటలు చెప్తరు, కోర్టు అటు పోదు. కానీ వెన్ను అతికించిండా లేదా, పిన్ను మార్చిండా లేదా అనేది అభిప్రాయం కాదు, కండ్లకు కనపడే విషయం. అమెరికాల సీజీసీ అని 2000 సంవత్సరంల మొదలైన గ్రేడింగ్ కంపెనీ ఉంది, వాళ్లు మామూలు పుస్తకానికి నీలం లేబుల్ ఇస్తరు, రంగేసి అతికించి బాగుచేసిన దానికి ఊదా రంగు లేబుల్ ఇస్తరు, కలెక్టర్లు ఆ ఊదా లేబుల్ చూసిన్రంటే రేటు సగానికి తెగ్గోస్తరు. సో రిపేరు దాచిపెట్టుడు అనేది ఈ లైన్ల చిన్న విషయం కాదు, దాని మీదనే ధర నడుస్తది, ఈ ముక్క నోటీసుల తప్పక రాయాలె.

చట్టం ఏమంటదంటే, వస్తువుల అమ్మకం చట్టం 1930 ల సెక్షన్ 15, వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలె, ఇది షరతు. అమ్మినోడు వ్యాపారే కానక్కర్లేదు, ఇంట్ల ఉన్న ఒక్క పుస్తకం అమ్మినా వర్తిస్తది. ఆయన ఎప్పుడూ అదే పని మీద ఉండి వారం వారం రేట్ల లిస్టు గ్రూపుల పెడుతుంటే సెక్షన్ 16 (వస్తువు నాణ్యత షరతు) కూడ తోడైతది. 'నో రిటర్న్' మాట ఎప్పుడు అన్నడో చాట్‌ల చూడు. పైసలు కొట్టినంక అంటే అది ఒప్పందంలనే లేదు. ముందే అన్నా సరే, తెలిసి అబద్ధం చెప్పినోనికి ఆ మాట అడ్డుపడదు, మోసం చేసి మోసానికి మినహాయింపు రాసుకుంట అంటే ఒప్పుకోరు.

అయితే నువ్వు లేట్ చేస్తున్నవ్, నాకు అదే భయం. సెక్షన్ 42 ప్రకారం వస్తువు తీస్కొని న్యాయమైన టైం లోపల వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, అప్పుడు వాపస్ ఇచ్చే హక్కు పోయి ఉత్త నష్టపరిహారమే మిగుల్తది. ఇయ్యాల్నే, ఇది చదివిన వెంటనే, ఆయనకు "ఈ పుస్తకం నువ్వు రాసిన దానికి సరిపోలే, నేను తిరస్కరిస్తున్న, నీ ఖర్చుతో తీస్కపో, నా పైసలు ఇయ్యి" అని వాట్సాప్‌ల రాయి, తర్వాత స్పీడ్ పోస్టుల నోటీసు పంపు. పుస్తకం మాత్రం నువ్వే దగ్గర పెట్టుకో, పైసలు రాక ముందే కొరియర్ చేసి చేతులు దులుపుకోకు. ఆ అతికించిన కాగితం గోరుతో గీకకు, పిన్నులు పీకకు, కొత్త కవర్ల కూడ పెట్టకు, ఎట్ల వచ్చిందో అట్లనే ఉండాలె. కొరియర్ కవర్ మీద లేబుల్ కూడ చింపకు.

సాక్ష్యం గురించి కొంచెం ఎక్కువ చెప్త, ఇట్లాంటి కేసులు ఇక్కడనే గెలుస్తయి ఓడుతయి. పగటి వెలుతురుల కవర్ లోపలి వైపు తెల్ల భాగం ఫోటో తియ్యి, రంగు పూసిన చోట సిరా వెనకకు దిగి మచ్చలాగ కనపడ్తది. పిన్ను దగ్గరికి కెమెరా తీస్కపో, అసలు పిన్ను అయితే కాగితం మీద తుప్పు మరక సరిగ్గ దాని కిందనే ఉంటది, మార్చినదైతే పిన్ను తళతళ మెరుస్తది, మరక కొద్దిగ పక్కకు ఉంటది, పాత రంధ్రాలు కూడ వేరేగ ఉండొచ్చు. నీ షాపుల నోట్లు చెక్ చేసే యూవీ లైటు ఉండే ఉంటది కదా, దాని కింద పెట్టు, కొత్త కాగితం చాలా వరకు తెల్లగ నీలంగ మెరుస్తది, పాత న్యూస్‌ప్రింట్ డల్‌గ ఉంటది. దీన్ని వీడియో తియ్యి, మధ్యల కట్ చేయకు. ఇంకొకటి, అది అసలు 1964 ప్రింటేనా కూడ చూడు, అడ్రస్ ఉన్న పేజీల ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 కంటే ముందుది కానే కాదు, పిన్‌కోడ్ పుట్టిందే ఆ రోజు. అట్లనే పాత చందమామలు కొనేటోళ్లకు కూడ ఒక మాట, నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1 న, 1952 సంచిక అని చెప్పి మీద ధర పైసలల్ల ఉంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయి, ఒకవేళ ఆయన మెసేజ్‌లు వాటంతట అవే పోయే సెట్టింగ్ పెడ్తే కష్టం, అందుకే ఇప్పుడే. యూపీఐ రసీదు, ఆయన మొదట పంపిన ఫోటోలు అన్నీ దాచు. కోర్టుల ఫోన్ల ఉన్నది పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలె, అది మీ వకీల్ చూస్కుంటడు, నువ్వు మాత్రం ఆ ఫోన్ అమ్మకు, నీది మొబైల్ షాపు కాబట్టి చెప్తున్న. ఆ సీనియర్ కలెక్టర్ తోటి రాతల తీస్కో, ధర గురించి ఒక్క లైను చాలు, రిపేర్ల గురించి వివరంగ రాసి అఫిడవిట్ ఇయ్యమను.

ఎక్కడ వేయాలె? అమ్మినాయన వ్యాపారం లాగ చేసేటాయన అయితే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల వేయొచ్చు, నువ్వు ఉండే జిల్లాలనే వేస్కునే వీలు 2019 చట్టంల ఇచ్చిన్రు, హైదరాబాద్ తిరిగే పని లేదు. కొన్న ధర 5 లక్షల లోపల కాబట్టి ఫీజు లేదు, ఆన్‌లైన్ల ఈ-జాగృతి అనే వినియోగదారుల కమిషన్ల పోర్టల్‌ల కూడ పెట్టొచ్చు, రెండేండ్ల లోపల పెట్టాలె. కానీ ఒక చిక్కు, తిరిగి అమ్మనీకి కొన్నోడు వినియోగదారుడు కాడు. నువ్వు ఆ గ్రూపుల ఎప్పుడన్న "రెండేండ్లు పట్టి డబుల్‌కు అమ్ముత" అని గొప్పలు పోయినవా? అవతలి వకీల్ మొదటగాల అదే వెతుకుతడు. అట్ల ఏమన్న ఉంటే, లేదా ఆయన ఇంట్ల పుస్తకం ఒక్కటే అమ్మిన మామూలు మనిషి అయితే, సివిల్ కోర్టే దారి, మూడేండ్ల టైం ఉంటది.

చీటింగ్ సంగతి. దోస్తులు 420 పెట్టు అంటరు, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 318. దానికి అమ్మే టైంలనే ఆయనకు మోసం చేసే బుద్ధి ఉందని చూపాలె. ఆయన అబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద తెలియకుండ కొని నీకు అమ్మిండు అంటే క్రైమ్ కాదు, సివిల్ తప్పే. కానీ అదే పుస్తకాన్ని ఆయన కొన్నప్పుడు 'రిస్టోర్డ్' (రిపేర్ చేసింది) అని చెప్పి అమ్మినోళ్లు ఉంటే, ఆ పాత పోస్టు ఎవరి దగ్గరన్న దొరికితే, అప్పుడు పోలీస్ స్టేషన్‌కు పో, బలంగ ఉంటది. అప్పటి దాక గ్రూపుల ఆయన ఫోటో పెట్టి 'దొంగ' అని రాయకు, పరువు నష్టం కింద బీఎన్ఎస్ 356 పెట్టి ఉల్టా నిన్నే తిప్పుతడు.

పుస్తకం సీజీసీకి పంపి గ్రేడు తెప్పించుకుంట అనుకోకు. అది ఫ్లోరిడాల ఉంది, అక్కడి గ్రేడరు నల్గొండ కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పడు, పైగా పుస్తకం దారిల పోతే కేసే పోతది. చందమామ మొదలైన 1947 నాటి సంచికల లాంటివి పంపేటోళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. 1972 పురావస్తువుల చట్టంల సాహిత్య, కళా విలువ ఉన్న రాతప్రతులు, దస్తావేజులు 75 ఏండ్లు దాటితే పురావస్తువు లెక్క, ప్రైవేటోళ్లు బయటి దేశం పంపొద్దు. ప్రింటైన పత్రిక ఆ మాట కిందికి వస్తదా రాదా అని మంచిగ వాదించొచ్చు, కానీ కస్టమ్స్ కౌంటర్ల వాదన చేస్కుంట నిల్చునుడు ఎవరికి కావాలె. పంపే ముందు కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) దగ్గర పురావస్తువు కాదని సర్టిఫికెట్ అడగాలె.

ఇప్పుడు పెద్దమ్మ చందమామలు. ఒప్పందాల చట్టం సెక్షన్ 20 కింద వివరణల సాఫ్‌గ రాసి ఉంది, వస్తువు విలువ గురించి తప్పుగ అనుకుంటే అది ఒప్పందం రద్దు చేసే పొరపాటు కాదు. పెద్దమ్మకు వాటి రేటు తెల్వదు, ఆయనకు తెలుసు, ఆయన నోరు మూసుకొని కొన్నడు, అంతవరకు తప్పు లేదు. తాత వీలునామా రాయకుండ పోతే మీ అమ్మకు కూడ వాటా ఉంది కదా అని నువ్వు అడుగుతవ్, నిజమే, కానీ అందరి ఒప్పుదలతోటి ఒక్కరి ఇంట్లనే ఉన్న ఉమ్మడి వస్తువును వాళ్లు అమ్మితే, ఈ సంగతి తెల్వకుండ నమ్మి కొన్నోనికి హక్కు వచ్చేస్తది, అమ్మకం చట్టం సెక్షన్ 28. మీ అమ్మ పోయి అక్కను 3 వేలల్ల సగం అడగొచ్చు, అడగదు లే.

మిగిలిన సందు ఏందంటే, ఆయన మౌనంగ లేకుండ ఏమన్న అబద్ధం చెప్పిండా? "ఇవి మొత్తం తర్వాత వేసిన కాపీలు, పాతయి కాదు" అనో, "స్కూల్ లైబ్రరీకి ఉచితంగ ఇస్త, అమ్మను" అనో చెప్పి తీస్కపోతే అది మోసం, ఒప్పందాల చట్టం సెక్షన్ 17, 19 కింద పెద్దమ్మ ఒప్పందం రద్దు చేయమని అడగొచ్చు, నువ్వు కాదు, అడగాల్సింది ఆమెనే. పెద్దమ్మను కూసోబెట్టి ఆ రోజు ఆయన ఏమేం మాట్లాడిండో, ఇంట్ల ఇంకెవరున్నరో నువ్వు మధ్యల అందియ్యకుండ ఆమె మాటలల్లనే రాయించు. ఆ సంచికల మీద తాత సంతకం గానీ, నెంబర్లు గానీ ఉంటే, ఇప్పుడు అమ్మకానికి పెట్టిన ఫోటోలల్ల అవి కనపడ్తయేమో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టు, అమ్ముడు పోయినంక ఆ ఫోటోలు తీసేస్తరు.