‘బార్న్ ఇన్ ద యూఎస్ఏ’ పాటకు అసలు అర్థం ఏమిటి? ఇక్కడే పుట్టిన మా బాబు మొదటి పుట్టినరోజు వీడియోకి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చా అని అడిగారు కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను. నేను పెట్టాను. తొమ్మిదేళ్ల క్రితం, మా పాప మొదటి పుట్టినరోజుకి, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక బాంక్వెట్ హాల్లో, వంద మందికి పైగా చుట్టాలూ స్నేహితుల ముందు.

అది అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట. అప్పటికి అందులో నాకు తెలిసింది పల్లవి ఒక్కటే. నాలుగు మాటలు, గొంతు చించుకుని అరిచే మనిషి, వెనక ఫిరంగి పేలినట్టు డ్రమ్ము. జులై నాలుగున, ఇక్కడి స్వాతంత్ర్య దినాన, టపాసులు కాల్చే చోట విన్నాను. పాప ఇక్కడ పుట్టింది, పాట కూడా ఇక్కడ పుట్టాననే అంటోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. వీడియో మా తమ్ముడు ఎడిట్ చేశాడు. మొదటి ఫొటో హాస్పిటల్ వాళ్లు కాగితం మీద తీసిచ్చిన పాప పాదాల సిరా ముద్ర. సరిగ్గా దాని మీద మొదటి చరణం పడింది. ఆ చరణం ఏమంటుందో మీకు తెలుసా? చచ్చిపోయిన ఊళ్లో పుట్టాను, నేల మీద పడగానే మొదటి తన్ను తిన్నాను, దెబ్బలు తిని తిని బెదిరిపోయిన కుక్కలా సగం బతుకు ఒళ్లు కాచుకోవడంతోనే సరిపోతుంది అని.

హాల్లో ఎవరికీ పట్టలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మా పక్కింటి అమెరికన్ పెద్దాయన మాత్రం ప్లేట్లో బిర్యానీ పెట్టుకుని తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, “మంచి పాట. ఎప్పుడైనా తీరిక చూసుకుని చరణాలు కూడా విను” అన్నాడు. ఆయన అన్న వియత్నాం యుద్ధంలో పోయాడని మా ఆవిడ ఇంటికొచ్చాక చెప్పింది. ఆ రాత్రి గిఫ్టులు విప్పడం మానేసి, లిరిక్స్ ముందు పెట్టుకుని పాట విన్నాను.

చరణాలన్నీ కలిపి ఒకే మనిషి కథ. ఊళ్లో ఏదో చిన్న గొడవలో ఇరుక్కుంటాడు. చేతికి తుపాకీ ఇచ్చి పరాయి దేశం పంపిస్తారు, ‘పసుపు రంగు మనిషి’ని చంపి రమ్మని. ఆ మాట వింటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అది పాట రాసినవాడి అభిప్రాయం కాదు, ఆ కుర్రాడికి నూరిపోసిన మాట. యుద్ధం నుంచి తిరిగొచ్చి రిఫైనరీలో పని అడుగుతాడు. పనిలో పెట్టుకునేవాడు “నా చేతుల్లో ఉంటేనా బాబూ...” అంటాడు. వాక్యం అక్కడే ఆగిపోతుంది. మిగతా సగం చెప్పడు. మాజీ సైనికుల బాగోగులు చూసే సర్కారు మనిషి దగ్గరికి వెళ్తే ఆయనా “నీకు అర్థం కావట్లేదా బాబూ” అంటాడు.

తర్వాత వియత్నాంలో ఖే సాన్ దగ్గర పోరాడిన బ్రదర్ గురించి ఉంటుంది. ఇంగ్లీషుతో వచ్చిన చిక్కే ఇది, అన్నో తమ్ముడో తోటి సైనికుడో తేలదు. పక్కింటాయన వల్ల నేను అన్న అనే అనుకుంటాను. శత్రువులింకా అక్కడే ఉన్నారు, వాడు మాత్రం లేడు అంటాడు. 1968లో ఖే సాన్ స్థావరాన్ని ఉత్తర వియత్నాం సేనలు 77 రోజులు ముట్టడించాయి. అమెరికన్లు నిలబెట్టుకున్నారు. అదే ఏడాది జులైకల్లా తామే ఆ స్థావరాన్ని కూలగొట్టి ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఈ సంగతి తెలిశాక ఆ లైను వేరేలా వినిపిస్తుంది. దాని తర్వాత కాసేపు మాటలుండవు, వాద్యాలే నడుస్తాయి. ఆ పైన సైగాన్‌లో ఆ బ్రదర్ ప్రేమించిన అమ్మాయి, ఆమె చేతుల్లో అతను ఉన్న ఒక ఫొటో. అంతే, ఏడుపు కూడా లేదు.

చివరి చరణంలో జైలు నీడ, రిఫైనరీ మంటలు వస్తాయి. ఏ ఊరివో పాటలో చెప్పలేదు. కానీ ఎడిసన్ నుంచి నూవార్క్ ఎయిర్‌పోర్టుకి టర్న్‌పైక్ హైవే మీద వెళ్లినవాళ్లకి లిండెన్ రిఫైనరీ గొట్టాల మీద రాత్రిపూట మంట కనిపించే ఉంటుంది. పాట రాసి పాడిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పెరిగిన ఫ్రీహోల్డ్ మాకు కారులో అరగంట, ముప్పావుగంట దూరం. ఆయన యుద్ధానికి వెళ్లలేదు, సైన్యం వాళ్ల ఆరోగ్య పరీక్షలో తప్పాడు. కుర్రతనంలో ఆయన ఆడిన ‘ది కాస్టిల్స్’ బ్యాండులో డ్రమ్ములు వాయించిన స్నేహితుడు మాత్రం వెళ్లి తిరిగి రాలేదు.

మరి ఇంత చేదు పాట పండగ పాట ఎలా అయింది? నన్నడిగితే సగం తప్పు డ్రమ్ముది. ఈ పాటని ఆయన 1982 మొదట్లో ఇంట్లో ఒంటరిగా, గిటారుతో రికార్డు చేశాడు. అది 1998లో ‘ట్రాక్స్’ అనే సెట్‌లో బయటికొచ్చింది. అది వింటే ఎవరికీ అనుమానం రాదు, దయ్యాల కొంపలో కూర్చుని పాడినట్టుంటుంది. 1984 ఆల్బంలో వచ్చింది బ్యాండు మొత్తం వాయించిన పాట. మొదటి నుంచి చివరి దాకా అదే సింథసైజర్ ముక్క, రెండే కార్డ్స్ (స్వరాల గుత్తులు). చరణానికీ పల్లవికీ ట్యూను పెద్దగా మారదు కాబట్టి చెవి పల్లవిని పట్టుకుని చరణాల్ని వదిలేస్తుంది.

ఆ సెప్టెంబరులో ఎన్నికల ప్రచారానికి న్యూజెర్సీ హామంటన్ వచ్చిన అప్పటి ప్రెసిడెంట్ రీగన్, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ ఉందని మెచ్చుకున్నాడు. ఆయన ఈ పాటనే పొగిడాడని చాలామంది రాస్తారు. నిజానికి ఆ ప్రసంగంలో ఉన్నది గాయకుడి పేరే. రెండు రోజులకి పిట్స్‌బర్గ్ కచేరీలో స్ప్రింగ్‌స్టీన్, ప్రెసిడెంటుగారికి నా ఆల్బంలలో ఏది ఇష్టమో, ‘నెబ్రాస్కా’ (దిగులు పాటల ఆల్బం) అయితే కాదనుకుంటా అని చురక వేసి, కారు ఫ్యాక్టరీ మూతపడి పని పోయిన ఒకడి పాట అందుకున్నాడు.

ఇక అర్థం విషయం. ‘ఇది దేశభక్తి పాట కాదు, వెటకారం’ అని మీకు చాలామంది చెప్తారు. మొన్నమొన్నటి దాకా నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

నేను ఇంటర్లో ఉండగా మా ఊళ్లో నూలు మిల్లు మూతపడింది. నాన్న అందులో పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. రావాల్సిన డబ్బుల కోసం ఒక ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు, ఇంగ్లీషు కాగితాలు చదువుతానని. కౌంటర్లో కూర్చున్నాయన ఫైలు ఇటు నుంచి అటు జరిపి, “నా చేతుల్లో ఏముంది పెద్దాయనా” అన్నాడు. నాన్న ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం కౌంటరు చెక్క మీద అరచేత్తో కొట్టి, “ఈ ఊళ్లో పుట్టినవాణ్ణయ్యా నేను!” అని అరిచాడు. ఇంకేం అనలేదు. అదే మాట రెండోసారి అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నాకైతే సిగ్గేసింది.

ఆ అరుపులో వెటకారం లేదు. ఊరి మీద కోపమూ కాదు. ఊరు నాది, నేను ఇక్కడివాణ్ణి, మరి నాకెందుకిలా అని నిలదీయడం. ఆ పల్లవి కూడా నాకు అలాగే వినిపిస్తుంది. గర్వం ఉంది, కాబట్టే అంత మంట. స్ప్రింగ్‌స్టీన్ కూడా తన పాటల్లో ఆశ పల్లవిలో ఉంటుందనీ, రోజువారీ కష్టం చరణాల్లో ఉంటుందనీ చెబుతాడు. రెండిట్లో ఒకటే వింటే, చప్పట్లు కొట్టినవాళ్లయినా వెటకారం అన్నవాళ్లయినా, సగం పాటే విన్నట్టు.

మీ వీడియో సంగతి మీ ఇష్టం. గిటారు వెర్షన్ ఒకసారి విని, మీ బాబు పాదాల ముద్ర చూసి, అప్పుడు ఆలోచించుకోండి. మా పాప వీడియోలో పాట ఇంకా అలాగే ఉంది, మార్చడానికి మనసు రాలేదు. రెండోవాడి వీడియోకి మాత్రం మా అత్తగారు పాడిన లాలిపాట పెట్టాం. చరణాలన్నీ ముందే విన్నాను.