ఎక్స్‌రేకు కనిపించని నాళం గురించి: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటిసారి పాఠకుడిలా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. పొట్టలోని బృహద్ధమని (గుండె నుంచి రక్తాన్ని మోసుకొచ్చే పెద్ద నాళం) ఉబ్బినప్పుడు పొట్ట కోయకుండా, గజ్జలోని ధమని గుండా స్టెంట్‌గ్రాఫ్ట్‌ను (తీగల చట్రానికి గుడ్డ తొడిగిన గొట్టాన్ని) పంపి అమర్చే చికిత్సలో అల్ట్రాసౌండ్ పాత్ర ఏమిటో తెలుగులో వివరించాలని పూనుకున్నావు. శ్రమ పడ్డావని తెలుస్తూనే ఉంది. అయితే ఆ శ్రమలో సగం ఉండకూడని చోట పెట్టావు.

మొదటి పేరా మొత్తం కొట్టేశాను, నొచ్చుకోకు. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఐన్‌స్టీన్ పొట్ట తెరిచి ఆ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ చుట్టడమూ, 1955 ఏప్రిల్‌లో అది పగిలినప్పుడు ఐన్‌స్టీన్ మరో ఆపరేషన్‌కు ఒప్పుకోకపోవడమూ నిజమే. కానీ ఈ జబ్బు గురించి కలం పట్టిన వాళ్లలో చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు, పైగా ఆ కథలో అల్ట్రాసౌండ్ ఎక్కడా లేదు. చరిత్ర చెప్పి తీరాలనిపిస్తే రెండు వాక్యాలు చాలు. ఉబ్బిన భాగాన్ని తీసేసి మరో నాళం కుట్టే ఆపరేషన్‌ను 1951లో పారిస్‌లో షార్ల్ ద్యుబోస్ట్ చేశారు. నాళం లోపలి నుంచే గొట్టం అమర్చే పద్ధతిని ఛాతీలోని బృహద్ధమనికి 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొడోస్, పొట్టలోని బృహద్ధమనికి 1990 సెప్టెంబరులో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి చేసి చూపించారు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలంటావా? ఎక్స్‌రే తెర దగ్గర మొదలుపెట్టు. నేను మొదటిసారి సీసపు ఏప్రాన్ వేసుకుని ఆ గదిలో ఒక మూల నిలబడ్డప్పుడు, తెర మీద వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించాయి, కటి ఎముకల నీడ కనిపించింది, వాటి మీదుగా, గొట్టాలకు దారి చూపే వైరు నల్ల దారంలా కనిపించింది; దేనికోసమైతే అంతమంది అక్కడ చేరారో ఆ బృహద్ధమని మాత్రం కనిపించలేదు. రక్తమూ, నాళం గోడా, చుట్టూ ఉన్న మెత్తని కండా ఎక్స్‌రేకు దాదాపు ఒకే నీడ. అయోడిన్ ఉన్న డై ఎక్కించిన కొన్ని క్షణాలు మాత్రమే నాళం నల్లగా మెరిసి, రక్తంతో పాటు డై కొట్టుకుపోగానే మాయమవుతుంది. మళ్లీ చూడాలంటే మళ్లీ డై కావాలి. ఈ జబ్బు ఎక్కువగా వయసు పైబడిన వాళ్లకు, పొగతాగే వాళ్లకు వస్తుంది. వాళ్లలో కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు, అలాంటి కిడ్నీలకు డై భారం. ఈ లేమిని పాఠకుడికి ముందుగా చూపించావంటే అల్ట్రాసౌండ్ ఎందుకు రంగంలోకి దిగిందో నువ్వు వేరుగా చెప్పనక్కర్లేదు. నీ వ్యాసంలో అది తొలి వాక్యం నుంచే ‘అద్భుత పరికరం’ అయి కూర్చుంది. ఏ ప్రశ్నకు జవాబుగా దాన్ని చేతిలోకి తీసుకున్నారో రాయకుండా జవాబు గొప్పదనం రాస్తే పాఠకుడికి ఏదీ అంటదు.

మాటల సంగతి కాస్త చూద్దాం. నువ్వు అంతటా ‘స్కానింగ్’ అని రాశావు. మన వాడుకలో పొట్ట మీద జెల్లీ రాసి చూసేదీ స్కానింగే, సీటీ గదిలో పడుకోబెట్టి తీసేదీ స్కానింగే. ఈ వ్యాసంలో ఆ రెండూ పక్కపక్కనే వస్తాయి: గ్రాఫ్ట్ ఏ కొలతలో కావాలో ముందుగా తేల్చేది సీటీ, గదిలో ఆ క్షణాన చూసేది అల్ట్రాసౌండ్. మొదటిది ఎక్స్‌రే కిరణాలతో పని చేస్తుంది, రెండోది మన చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దంతో పని చేస్తుంది. ఒకే మాట రెంటికీ వాడితే ‘స్కానింగ్ వల్ల రేడియేషన్ తగ్గింది’ అన్న నీ వాక్యం చదువుతున్న మనిషిని అయోమయంలో పడేస్తుంది. అలాగే ‘కీహోల్ సర్జరీ’ అనకు. అది కెమెరా గొట్టాలు పెట్టి చేసే ఆపరేషన్‌కు స్థిరపడిపోయిన మాట. ‘కోత లేని ఆపరేషన్’ కూడా సరికాదు. గ్రాఫ్ట్‌ను లోపలికి పంపే తొడుగు గొట్టాన్ని షీత్ అంటారు, 18 ఫ్రెంచ్ షీత్ అంటే 6 మిల్లీమీటర్ల గొట్టం (ఫ్రెంచ్ అంకెను మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి, ఈ చిట్కా గుర్తుపెట్టుకో). అంత గొట్టం దిగిన రంధ్రాన్ని మూయవలసిందే; సాధారణంగా దారంతో మూస్తారు, అందుకు కావలసిన కుట్లను గొట్టం ఎక్కకముందే ధమని గోడలో వేసి ఉంచుతారు.

గజ్జ దగ్గరి ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు: ‘అల్ట్రాసౌండ్ సాయంతో ధమనిలోకి సూది గుచ్చుతారు.’ నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇక్కడ పాఠకుడు తన కళ్లతో చూడగలడు. తెర మీద రెండు నల్లటి వలయాలు పక్కపక్కన కనిపిస్తాయి. డాక్టరు ప్రోబుతో (చర్మం మీద ఆనించే అల్ట్రాసౌండ్ పిడితో) కొంచెం అదమగానే ఒకటి చప్పగా అణిగిపోతుంది, అది సిర. రెండోది అణగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది, అది ధమని. ప్రోబును కిందికి జరిపితే ఆ ధమని రెండుగా చీలడం కనిపిస్తుంది, చీలికకు పైనే గుచ్చాలి. ఇంకా పైకి జరిపితే తుంటి ఎముక గుండ్రటి తల మీదుగా ధమని పోతూ కనిపిస్తుంది. తర్వాత రక్తం ఆగాలంటే అదిమిపట్టడానికి కింద గట్టి ఆధారం ఉండాలి కనుక ఆ తల దాటి మరీ పైకి పోకూడదు. ఈ రెండు హద్దుల మధ్య, ముందు గోడ మీద కాల్షియం లేని చోటు వెతకాలి. కాల్షియం తెల్లగా మెరుస్తుంది, దాని వెనక నల్లటి నీడ పడుతుంది. అలాంటి చోట గుచ్చితే గోడను మూయవలసిన కుట్టు సరిగ్గా పట్టదు. నేను చూసిన రోజు ఆ సర్జన్ సూది చేతిలో పట్టుకుని, ప్రోబును వేలి మందం మేర పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు ఏమీ గుచ్చలేదు. చివరికి తెల్లని చుక్కలా సూది మొన గోడను నొక్కింది, గోడ లోపలికి కొంచెం వంగింది, మరుక్షణం తెగి చుక్క వలయం మధ్యలోకి వచ్చింది. ఆ ‘చాలాసేపు’ను నీ వ్యాసంలోకి తీసుకురా.

ఇక్కడే నా పాత తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక వ్యాసంలో, రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్ అల్ట్రాసౌండ్ తెర మీద ఎర్రగా కనిపించేది ధమని, నీలంగా కనిపించేది సిర అని ధీమాగా రాశాను. అచ్చయిన వారానికే ఒక సోనాలజిస్టు (అల్ట్రాసౌండ్ డాక్టరు) నుంచి మర్యాదగానే, కానీ చురుక్కుమనేలా ఉత్తరం వచ్చింది. సాధారణంగా ప్రోబు వైపు వచ్చే ప్రవాహానికి ఎరుపు, దూరంగా పోయేదానికి నీలం వేస్తారు. ప్రోబును తిప్పి పట్టుకుంటే అదే ధమని నీలంగా కనిపిస్తుంది, ఒక్క మీట నొక్కి రంగులు తారుమారు చేయనూ వచ్చు. దగ్గరికొచ్చే తరంగానికీ దూరమయ్యే తరంగానికీ తేడా వస్తుందని క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పిన సూత్రానికి నాళం పేరుతో పని లేదు. నీ మూడో పేజీలో సరిగ్గా నా తప్పే ఉంది. దిద్దుకో.

ఇక నాళం లోపలి నుంచి చూసే అల్ట్రాసౌండ్, డాక్టర్లు ఐవస్ అనేది. దీన్ని నువ్వు ‘కొసన కెమెరా ఉన్న గొట్టం’ అన్నావు. కెమెరా ముందుకు చూస్తుంది, ఇది పక్కలకు చూస్తుంది. వైరు మీదుగా జారిన సన్నని గొట్టం కొస నుంచి చుట్టూ వలయాకారంగా శబ్దాన్ని పంపి, అక్కడికక్కడ నాళాన్ని అడ్డంగా కోసినట్టు ఒక పలుచని ముక్క చూపిస్తుంది. గొట్టాన్ని మెల్లగా వెనక్కి లాగుతూ పోతే ముక్క తర్వాత ముక్కగా నాళమంతా కళ్ల ముందు నడుస్తుంది. పేగులకు రక్తం తీసుకెళ్లే ధమని మొదలు, కిడ్నీ ధమనుల ద్వారాలు, చాలామందిలో బృహద్ధమనికి ముందు నుంచి అడ్డంగా పోయే ఎడమ కిడ్నీ సిర, ఆ కింద ఉబ్బు మొదలయ్యేలోపు ఉండే ‘మెడ’, చివర రెండు కాళ్లకూ చీలే చోటు, ఇవన్నీ డై చుక్క లేకుండా గుర్తుపట్టవచ్చు. పొట్ట మీద నుంచి చూసే ప్రోబు లోతుకు చేరాలి కనుక సుమారు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్‌లతో పని చేస్తుంది. గోడ పక్కనే ఉండే ఈ గొట్టానికి అంత లోతు అక్కర్లేదు, బృహద్ధమనికి వాడేది 10 మెగాహెర్ట్జ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. పౌనఃపున్యం పెరిగితే స్పష్టత పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. ఈ ఒక్క వాక్యం నీ రెండు పేజీల భౌతికశాస్త్రానికి బదులు సరిపోతుంది.

దాని లోపమూ అక్కడే రాయి. మెడ వంకరగా ఉన్నచోట గొట్టం నాళానికి ఏటవాలుగా నిలుస్తుంది. వెదురు గొట్టాన్ని ఏటవాలుగా కోస్తే గుండ్రంగా కాక కోలగా తెగినట్టు, నాళం ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. గ్రాఫ్ట్‌ను మెడ కంటే 10 నుంచి 20 శాతం పెద్దదిగా ఎంచుకునే ఈ పనిలో ఆ పొరపాటు చిన్నదేమీ కాదు. అందుకే కోలగా ఉన్న ముక్కలో చిన్న అడ్డుకొలతనే ఎక్కువగా నమ్ముతారు, సీటీ కొలతతో సరిచూస్తారు. ఐవస్‌ను అన్నిచోట్లా, ప్రతి రోగికీ వాడరన్న మాట కూడా మరవకు. సీటీ, ఎక్స్‌రేలతోనే పూర్తయ్యే ఆపరేషన్లు ఎన్నో ఉన్నాయి.

గ్రాఫ్ట్‌కు రెండో కాలి గొట్టం ఎక్కే ఘట్టాన్ని విడిగా రాయి, అక్కడ సహజంగానే ఉత్కంఠ ఉంది. ప్యాంటు ఆకారంలోని గ్రాఫ్ట్‌లో ఒక కాలు పొట్టిగా తెరుచుకుని ఉబ్బు మధ్యలో వేలాడుతుంది. రెండో గజ్జ నుంచి వచ్చే వైరు ఆ చిన్న నోట్లోకే దూరాలి. ఉబ్బు సంచి విశాలంగా ఉంటుంది కనుక వైరు గ్రాఫ్ట్ బయటి నుంచి పైకి పోయినా ఎక్స్‌రే తెర మీద రెండూ ఒకదాని మీద ఒకటి పడి లోపలే ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు. అది గమనించకుండా రెండో కాలును తెరిస్తే ఆ ముక్క గ్రాఫ్ట్ బయట తెరుచుకుంటుంది. సాధారణంగా వంకీ తిరిగిన గొట్టాన్ని ఎక్కించి తిప్పి చూస్తారు, అడ్డు లేకుండా గిర్రున తిరిగితే లోపలే ఉందని అర్థం. ఐవస్ ఉంటే సందేహానికి తావే తక్కువ: స్టెంట్ తీగల తెల్లని చుక్కలు తన చుట్టూ వలయంగా నిలబడితే లోపల, ఆ వలయం ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే బయట. నేనైతే ఈ పేరాను సర్జన్ నోట అప్పుడు వచ్చిన ‘లోపలే’ అన్న ఒక్క మాటతో ముగిస్తాను.

గ్రాఫ్ట్ అమర్చాక కూడా ఉబ్బు సంచిలోకి రక్తం చేరే లీకుల భాగంలో నువ్వు ఐదు రకాలనూ పట్టికగా పెట్టావు. పట్టిక తీసెయ్. గ్రాఫ్ట్ అంచు గోడకు అతకక పక్కనుంచి రక్తం జారేది మొదటి రకం, ముక్కల అతుకు దగ్గరో గుడ్డ చిరిగిన చోటో కారేది మూడో రకం. ఈ రెండూ బల్ల మీద ఉండగానే సరిచేయవలసినవి. నడుము ధమనుల వంటి చిన్న కొమ్మల నుంచి రక్తం వెనక్కి సంచిలోకి చేరే రెండో రకాన్ని చాలాసార్లు గమనిస్తూ వదిలేస్తారు. పాఠకుడికి ఈ తేడా తెలిస్తే చాలు. లీకును పట్టడంలో ఐవస్ అంత గట్టిది కాదు, అక్కడ సూక్ష్మ బుడగలతో చేసే అల్ట్రాసౌండ్ ఉపయోగపడుతుంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపిన, ఎర్ర రక్తకణం కన్నా చిన్న బుడగలను సిరలోకి ఎక్కిస్తే, అవి శబ్దానికి మెరుస్తూ రక్తం పోయే ప్రతిచోటుకూ పోతాయి. ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది కనుక కిడ్నీలకు భారం ఉండదు. గ్రాఫ్ట్ బయట, సంచి చీకట్లో మెరుపు కనిపించిందంటే లీకు ఉన్నట్టే. అయితే పేగుల్లో గాలి నిండి ఉన్నా, పొట్ట కొవ్వు మందంగా ఉన్నా ఈ చూపు మసకబారుతుంది.

అంకెల గురించి ఒక్క మాట. ఉబ్బు వెడల్పు మగవాళ్లలో 5.5 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 5 సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ ఆలోచిస్తారని రాశావు, మంచిదే. కానీ గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలిచే పద్ధతి ఒకటి (ఇంగ్లండ్ స్క్రీనింగ్ కార్యక్రమంలో వాడేది ఇదే), బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచేది మరొకటి. ఒకే మనిషిలో ఈ రెంటికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ వాక్యం పక్కన ఈ మాట చేర్చు, లేకపోతే రిపోర్టు చేతిలో పట్టుకున్న పాఠకుడు ఊరికే కంగారుపడతాడు.

ఇక నీ ముగింపు: ‘రోగి నవ్వుతూ నడిచి ఇంటికి వెళ్లాడు.’ అక్కడితో కథ అయిపోలేదు. సంచి లోపలే ఉంది. అది కుంచించుకుపోతోందా, పెరుగుతోందా అని ఏళ్ల తరబడి చూస్తూనే ఉండాలి. సాధారణంగా మొదటి నెలలో సీటీ తీసి, అంతా సవ్యంగా ఉంటే తర్వాత ఏటేటా పొట్ట మీద నుంచే అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. నీ వ్యాసాన్ని ఆ గదిలో, అదే మనిషి మళ్లీ బల్ల మీద పడుకుని చొక్కా పైకి లాక్కున్న చోట ఆపితే ఎలా ఉంటుందో ఆలోచించు.

రెండో కాలి ఘట్టం తిరగరాసి ముందు అదొక్కటే పంపు. వైరు లోపల ఉన్నప్పుడు ఒకటి, బయట ఉన్నప్పుడు ఒకటి, రెండు బొమ్మలు పెన్సిలుతో గీసి జతచెయ్యి. బొమ్మ సరిగ్గా వచ్చేదాకా వాక్యం జోలికి పోకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి