కొత్త ఎస్‌ఎస్‌డీ వేశాక విండోస్ సెటప్‌లో డ్రైవ్ కనపడకపోతే

అమలాపురంలో ల్యాప్‌టాప్‌కి కొత్త ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే, చిన్న కార్డులా ఉండే వేగమైన డ్రైవ్) వేయించాక విండోస్ 11 సెటప్‌లో డ్రైవ్ కనపడట్లేదు, విండోస్ ప్రొడక్ట్ కీ (లైసెన్సు నంబరు) కూడా లేదు, ఏం చేయాలని ఒకరు అడిగారు. ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగుల తెర) డ్రైవ్ ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే కార్డు సరిగ్గా కూర్చోలేదేమో. స్క్రూ తీసి, ఏటవాలుగా చివరిదాకా దోపి, నొక్కిపట్టి మళ్లీ బిగించాలి.

బయోస్‌లో ఉండి సెటప్‌లో లేకపోతే, 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి ఎక్కువగా అడ్డుపడేది వీఎండీ (డ్రైవ్‌లను నడిపే ఇంటెల్ ఏర్పాటు, దాని డ్రైవర్ లేకపోతే సెటప్‌కి డ్రైవ్ కనపడదు). ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో దానికి కావాల్సిన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించుకోండి. దిగిన ఈఎక్స్‌ఈ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు)ని అలాగే పెడితే పనిచేయదు. దాన్ని ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఐఎన్‌ఎఫ్ ఫైలు (డ్రైవర్ వివరాలుండేది) ఉన్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సెటప్‌లోని 'లోడ్ డ్రైవర్'లో చూపించండి.

కీ గురించి బెంగ వద్దు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. 'కీ లేదు' నొక్కి పాత ఎడిషనే, హోమ్ అయితే హోమే ఎంచుకోండి. నెట్ తగిలాక యాక్టివేట్ అవుతుంది.

కోనసీమలో వానలప్పుడు కరెంటు పోతుంటుంది, బ్యాటరీ నిండా ఎక్కించే మొదలెట్టండి.