చిన్నా, సిస్టమ్ కొనే ముందు ఇది చదువు

చిన్నా,

మానిటర్‌తో కలిపి 35 వేలల్లో కంప్యూటర్ సిస్టమ్ కావాలన్నావు కదా, మీ ఫ్రెండ్ రాసిచ్చిన లిస్టు చూశాను. సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోతోంది, ఎస్ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె) మాత్రం క్యాబినెట్‌తో పాటు వచ్చేదే రాశాడు. ఆ లిస్టు పక్కన పెట్టెయ్. కార్డు వచ్చే ఏడాది కొనుక్కున్నా ఏం కాదు, కానీ ఇప్పుడు మదర్‌బోర్డు, ఎస్ఎమ్‌పీఎస్ నాసివి తీసుకున్నావంటే రేపు కార్డు పెట్టేటప్పుడు ఆ రెండూ మళ్లీ కొనాలి.

ముందు నాకొకటి చెప్పు, నీ పని కోడింగ్, క్లాసులు, అంతేనా, లేక ఆటలు కూడానా? కోడింగ్ ఒక్కటే అయితే కొత్తది అక్కర్లేదు. ఆఫీసులు వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ లాంటి సిస్టమ్‌లు బాగు చేసి అమ్ముతుంటారు, గట్టివి, చాలా తక్కువలో వస్తాయి. ఇంటెల్ 8వ జనరేషన్ కన్నా పాత ప్రాసెసర్ ఉన్నది మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే అధికారికంగా నడుస్తుంది. ఐ5 8500 దొరికితే ఆరు కోర్లు, నీ చదువు అయ్యేదాకా లాగుతుంది. అయితే వీటిలో ఎస్ఎమ్‌పీఎస్, బోర్డు చాలావరకు కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, సన్నటి క్యాబినెట్ మోడల్ అయితే పొట్టి కార్డులే పడతాయి, కాబట్టి తర్వాత పెంచుకుందామంటే కుదరదు.

ఆటలు కూడా కావాలంటే అసెంబుల్ చేయించుకో. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ అడుగు. చివర ఆ జీ ఉంటేనే లోపల గ్రాఫిక్స్ ఉన్నట్టు, ఉత్త 5600 ఇచ్చారంటే కార్డు లేకుండా స్క్రీన్ మీద ఏమీ రాదు. ఇంటెల్‌లో దీనికి రివర్సు, అక్కడ 12100ఎఫ్ అని ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు. కొటేషన్‌లో ఆ అక్షరం స్పష్టంగా రాయించు, షాపులో గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. బోర్డు బీ450 రకం అయితే బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి ఇమ్మను, పాత బయోస్‌తో ఈ ప్రాసెసర్ ఆన్ కాకపోవచ్చు.

ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, నీ బడ్జెట్ బిగుసుకునేది అక్కడే. ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి 8 జీబీవి రెండు జంటగా వేస్తే ఆటలు బాగా నడుస్తాయి, ఒక్కటే వేస్తే తేడా కంటికే తెలుస్తుంది. డబ్బు చాలకపోతే ఇప్పుడు ఒక్కటి వేసుకో, రెండోది అదే స్పీడుది తర్వాత కొను, అంతే గానీ దాని కోసం ఎస్ఎమ్‌పీఎస్‌లో మాత్రం కోత పెట్టకు. 450 వాట్స్, కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, పేరున్న కంపెనీది తీసుకో. నాసిరకం ఎస్ఎమ్‌పీఎస్ పోతే ఒక్కోసారి బోర్డునీ డిస్కునీ వెంట తీసుకుపోతుంది. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ 500 జీబీది, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం అయితే చాలు. క్యాబినెట్‌లో రంగు లైట్లకి ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు నాన్నా, గాలి ఆడితే చాలు.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. హాస్టల్‌లో నీ గదిలో ప్లగ్ పాయింటుకి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. మూడు రంధ్రాలు కనిపించినంత మాత్రాన పైదానికి వైరు ఉన్నట్టు కాదు. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ఇనుము ముట్టుకున్నప్పుడు వేళ్లు జిల్లుమంటాయి, చెప్పులు లేకుండా తడి గచ్చు మీద నిలబడి ముట్టుకుంటే ఇంకా గట్టిగా తెలుస్తుంది. మూడు పిన్నుల వైరుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడితే ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? ముందు అది బాగు చేయించు, తర్వాతే సిస్టమ్ గదికి తెచ్చుకో.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్‌కి వెళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగితే నడుచుకుంటూ వెళ్లొచ్చు. మొదటి షాపులోనే అడ్వాన్స్ ఇవ్వకు, మూడు నాలుగు చోట్ల మోడల్ నంబర్లతో సహా కొటేషన్ రాయించుకో, వెంటనే ఆన్‌లైన్ రేటుతో పోల్చి చూడు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు, ఒప్పుకోకు. జీఎస్టీ 18 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది గానీ రెండేళ్లకి బోర్డు పోయిందంటే వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. ప్రతి వస్తువు సీరియల్ నంబర్ బిల్లు మీద ఉండాలి, సీల్ నీ ముందే తీయాలి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూడు, అడుగు, చాలామంది ఓపిగ్గానే చెబుతారు. ర్యామ్ రెండు వేసుకుంటే, బోర్డులో నాలుగు స్లాట్లు ఉన్నప్పుడు సాధారణంగా ప్రాసెసర్ పక్క నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఆన్ చేశాక బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ స్పీడు చూపించమను, 3200 అని కొన్నది 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంటే అక్కడే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయించు.

డబ్బు కట్టే ముందు కొటేషన్ ఫోటో నాకు వాట్సాప్‌లో పెట్టు, ఆఫీసులో ఉన్నా చూస్తాను.

మీ బాబాయి